లోపల కూర్చునేవాళ్ల కళ్లు

భువనేశ్వర్‌లో పొద్దున్న ఎక్కిన రైలు ఖుర్దా రోడ్డు దాటి కొంతసేపు పరుగెత్తాక ఎడమ కిటికీ నిండా చిలికా సరస్సు పరుచుకుంటుంది. వలలు ఆరేసిన వెదురు గుంజలు, వాటి మీద వాలిన కొంగలు, దూరంగా పడవలు. బాలుగావ్‌లో ఎండు రొయ్యల బుట్టలతో ఆడవాళ్లు ఎక్కారు. బరంపురం వచ్చేసరికి బోగీలో సగం మాటలు తెలుగులోకి మారిపోయాయి.

నేను ఈ రైలెక్కింది సరస్సు కోసం కాదు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఒక శాస్త్రవేత్త, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వమని రాసిపెట్టారు. ఆయన జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు, భారత పౌరసత్వం తీసుకున్నారు, చివరి రెండేళ్లు ఒడిశాలో గడిపారు. జన్యుశాస్త్రం చదివినవాళ్లకి ఆయన పేరు చెప్పక్కర్లేదు. నేను వెతుక్కుంటూ బయల్దేరింది మాత్రం ఇంకో హాల్డేన్ కోసం. గాలి ఒత్తిడి పెంచిన ఇనుప గదిలో మనిషికి ఏమవుతుందో తెలుసుకోవడానికి తానే ఆ గదిలోకి వెళ్లి తలుపు వేయించుకున్న హాల్డేన్ కోసం.

ఈ ఆసక్తికి మూలం విశాఖపట్నంలో ఉండే మా పెద్దమ్మ. షుగరు వల్ల ఆవిడ పాదానికి పట్టిన పుండు ఎంతకీ మానకపోతే డాక్టర్లు ఆక్సిజన్ ఛాంబర్ రాశారు. రోజూ ఇంకొందరు రోగులతో కలిసి ఒక పెద్ద ఉక్కు గొట్టంలాంటి గదిలో కూర్చోవాలి, లోపల గాలి ఒత్తిడి పెంచుతారు, మాస్కులోంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చాలి. వీళ్లతో పాటు ఒక నర్సు కూడా లోపలికి వెళ్లి కూర్చుంటుంది. ఫోనులో ఒకరోజు పెద్దమ్మ అంది: "నా కోర్సు నెలన్నరలో అయిపోద్దిరా. పాపం ఆ పిల్లకి ఎప్పుడు అయిపోద్ది?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఛాంబర్ వైద్యం గురించి చదివిన కొద్దీ రోగి కళ్ల గురించి ఎంతో కనబడుతుంది. పక్కన కూర్చున్న మనిషి చెవుల గురించి, కీళ్ల గురించి కనబడుతుంది. ఆ మనిషి కళ్ల గురించి రాసినది కొంచెమే. ఆసుపత్రుల్లో అడిగేది అంతకన్నా కొంచెం.

ఒత్తిడికీ కంటికీ ఉన్న సంబంధం కొత్తగా తెలిసింది కాదు. 1670లో రాబర్ట్ బాయిల్ ఒక విషసర్పాన్ని గాజు పాత్రలో పెట్టి, పంపుతో లోపలి గాలిని తోడేస్తూ గమనించాడు. పాము కంటిలోని నీటిలో ఒక బుడగ అటూ ఇటూ కదలడం చూసి రాసిపెట్టాడు. చుట్టూ ఒత్తిడి పడిపోతే ఒంట్లో కరిగి ఉన్న వాయువు బుడగలు కడుతుందని మనకు దొరికే తొలి సాక్ష్యం అదే. ఒంట్లో ఇంకెక్కడ బుడగ పుట్టినా బయటికి కనబడదు. కన్ను పారదర్శకం కనుక దాచలేకపోయింది. డైవర్లను, వంతెనల పునాదుల్లో పనిచేసిన కూలీలను తర్వాత కుంగదీసిన జబ్బు ఆ బుడగలోనే ఉందని అప్పట్లో ఎవరికీ తెలియదు.

ఆ జబ్బుకు విరుగుడు లెక్క కట్టింది హాల్డేన్ గారి తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్. లోతు నుంచి ఒక్కసారిగా పైకి రాకూడదు, మెట్టు మెట్టుకీ ఆగుతూ రావాలి అని 1908లో పట్టికలు ప్రచురించాడు. కొడుకు ఆ పనిని ఇంకో దిక్కుకి తీసుకెళ్లారు. 1939 జూన్ 1న లివర్‌పూల్ అఖాతంలో థెటిస్ అనే కొత్త జలాంతర్గామి పరీక్షా ప్రయాణంలోనే మునిగి 99 మంది చనిపోయారు. వాళ్లలో ఓడలు కట్టే కార్మికులూ ఉన్నారు. వాళ్ల సంఘాలు హాల్డేన్‌ని ఆశ్రయించాయి. డైవింగ్ సామాను తయారుచేసే సీబ్ గోర్మన్ కంపెనీ ఇనుప గదిలోకి ఆయనా, మిత్రులూ స్వచ్ఛందంగా వెళ్లి గంటల తరబడి చెడిన గాలి పీల్చి చూశారు. ఆ తర్వాత యుద్ధకాలంలో ఒత్తిడి కింద ఆక్సిజన్ పీల్చే ప్రయోగాలు చేశారు. ఒకసారి మూర్ఛ వచ్చి ఆయన వెన్నుపూసలు నలిగాయి. ఆ నొప్పి జీవితాంతం ఉండిపోయింది. ఆయన సహచరి హెలెన్ స్పర్వే కూడా ఆ గదిలోకి వెళ్లినవారే. సాటి మనిషిని పంపే చోటుకి ముందు తాను వెళ్లాలన్న పట్టుదల ఆయనది. రైల్లో కూర్చుని ఇవన్నీ తలచుకుంటుంటే నాకు ఆ పట్టుదల మీద గౌరవం, ఆ ఒంటి మీద జాలి రెండూ కలిగాయి.

పలాసలో జీడిపప్పు పొట్లాలు, శ్రీకాకుళం రోడ్డులో వేడి గారెలు, విజయనగరంలో దిగేవాళ్ల తోపులాట. కొత్తవలస దగ్గర అరకు మీదుగా కిరండూల్ వెళ్లే లైను కొండల వైపు విడిపోతుంది. దాని సంగతి మళ్లీ వస్తుంది. విశాఖలో రైలుకి ఇంజను వెనక తగిలించి వచ్చిన దిక్కుకే తిప్పుతారు. నేను అక్కడ దిగిపోయాను.

విశాఖ ఒత్తిడి కింద పనిచేసే మనుషుల ఊరు. జలాంతర్గాముల స్థావరం ఇక్కడే. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ రేవు బయటే. హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన డైవింగ్ నౌక నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది ఇక్కడే. లోతుకు దిగడం, పైకి రావడం, రావడంలో తేడా వస్తే మళ్లీ ఛాంబర్‌లో పెట్టడం ఇక్కడ చాలా ఇళ్లలో ఎవరో ఒకరికి తెలిసిన పని. కంచరపాలెంలో పెద్దమ్మ ఇంటి వెనక వీధిలోనే నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. కళ్ల సంగతి అడిగితే అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు.

"కంట్లో గాలి లేదు బాబూ, నీరే. నీరు నలగదు. ఎంత లోతుకెళ్లినా కన్ను ఏటీ అవదు. గాలుండేది అద్దంలోన. దిగినకొద్దీ ఆ గాలి చిన్నదైపోద్ది. ముక్కుతో ఊది అద్దంలోకి గాలి పంపకపోతే, ఆ ఖాళీ కన్నునే లాగీద్ది. కొత్త కుర్రోళ్లు పైకొచ్చాక ఒకళ్ల మొకం ఒకళ్లు చూసి హడలిపోయేవోళ్లు. తెల్లగుడ్డు మొత్తం నెత్తురే."

ఛాంబర్ శాస్త్రమంతా దాదాపు ఆ మాటల్లోనే ఉంది. ద్రవం ఒత్తిడిని దాటిస్తుంది, నలగదు. వాయువు నలుగుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. ఒత్తిడి వల్ల నేరుగా కంటికి ప్రమాదం వచ్చేది కంటి పక్కనో, కంటి మీదో, కంటి లోపలో వాయువు ఉన్నప్పుడే. డైవర్‌కి వాయువు అద్దంలో ఉంటుంది. ఛాంబర్‌లో కూర్చునే నర్సుకి అద్దం లేదు కదా, మరి ఆమెకు వాయువు ఎక్కడుంటుంది? ఆ ప్రశ్న పట్టుకుని పెద్దమ్మతో పాటు ఆసుపత్రికి వెళ్లాను.

తెల్ల రంగు వేసిన ఆ ఉక్కు గదికి మందపాటి యాక్రిలిక్ కిటికీలు. బయట ప్యానెల్ ముందు ఆపరేటర్. లోపలికి వెళ్లేవాళ్లకి నూలు బట్టలే. నైలాను చీర, సెల్ ఫోను, కొబ్బరి నూనె, ముఖానికి రాసుకునే క్రీము ఏదీ పనికిరాదు. ఆక్సిజన్ ఎక్కువైన చోట నూనె, జిడ్డు ఇట్టే అంటుకుంటాయి. అలాంటి చోట నిప్పు పుడితే ఏమవుతుందో 1997 అక్టోబరు 31న మిలాన్ నగరంలో లోకం చూసింది. ఆ ఛాంబర్ మంటల్లో 11 మంది పోయారు. వాళ్లలో పదిమంది రోగులు, ఒకరు లోపల ఉన్న నర్సు. అందుకే కంటికి రాసుకునే పెట్రోలియం జెల్లీ రకం ఆయింట్‌మెంట్ కూడా ఇక్కడ నిషేధం. కళ్లు పొడిబారే నర్సు ఇంట్లో అలవాటుగా వాడే మందు ఇక్కడికి వచ్చేసరికి ప్రమాద వస్తువు అవుతుంది. చుక్కల మందు నీటి రకందే కావాలి.

లోపల కూర్చునే సిస్టర్‌కి నలభై ఏళ్లు ఉంటాయి. పన్నెండేళ్లుగా ఇదే పని. ఇక్కడివాళ్లు ఒక్కో విడతను డైవ్ అంటారు. నీళ్లు లేకపోయినా 'దిగాం', 'పైకొచ్చాం' అనే మాట్లాడుకుంటారు. ఆ రోజు డైవ్ అయ్యాక ఆవిడ టీ తాగుతూ నాతో మాట్లాడారు.

"ప్రెషర్ ఎక్కించేటప్పుడు లోపల వేడెక్కిపోతుంది సార్. దించేటప్పుడు చల్లబడి మంచులా పొగ కమ్ముతుంది. రోగులకి చెవులు పట్టేస్తాయి కదా, ముక్కు మూసుకుని మెల్లగా ఊదమని చూపిస్తాం. అందరికీ చూపించేసరికి మనం ఎన్నిసార్లు ఊదుతామో లెక్కుండదు. ఒకసారి నాకు జలుబు. మనిషి లేరని వెళ్లాను. చెవి తెరుచుకోలేదని గట్టిగా ఊదేశాను. బయటికొచ్చి అద్దంలో చూసుకుంటే కుడి కన్ను ఎర్రగా రక్తం."

తెల్లగుడ్డు మీద పొర కింద సన్నటి రక్తనాళం చిట్లితే అలాగే అవుతుంది. చూడ్డానికి భయంగా ఉన్నా రెండు మూడు వారాల్లో మరక దానంతటదే పోతుంది. అయితే అదే బిగింపు కంటి లోపలి పొరలోనూ పనిచేస్తుంది. ఊపిరి బిగబట్టి ఒత్తినప్పుడు ఛాతీలో పెరిగిన ఒత్తిడి సిరల గుండా తలకెక్కి రెటీనా మీది సూక్ష్మ నాళాన్ని చిట్లిస్తుంది. చూపు మధ్యలో అకస్మాత్తుగా నల్లటి మచ్చ నిలబడుతుంది. అమెరికా కంటి వైద్యుడు థామస్ డ్యూయేన్ 1972లో దీన్ని విడిగా గుర్తించి వివరించాడు. బరువులెత్తేవాళ్లలో, బాగా దగ్గేవాళ్లలో, వాంతులయ్యేవాళ్లలో కనిపించే జబ్బు. జలుబు చేసిన మనిషిని మనుషులు చాలక లోపలికి పంపితే దానికి దారి మనమే తీసినట్టు. ఆవిడ ఆ సంగతి ఫిర్యాదులా చెప్పలేదు. విన్న నాకే కోపం వచ్చింది. జలుబు చేసిన రోజు లోపలి డ్యూటీ వద్దు అనగలిగే హక్కు ఆ ఉద్యోగంలో కాగితం మీద ఉండాలి. సిస్టర్ మొహమాటం మీద ఆధారపడకూడదు.

తర్వాత నాకు బాగా తెలిసొచ్చిన తేడా ఒకటుంది. ఒకే గది, ఒకే ఒత్తిడి, అయినా రోగి కళ్లకు వచ్చే కష్టం వేరు, సిస్టర్‌కి వచ్చేది వేరు. లోపల ఒత్తిడి మామూలు కన్నా 2.4 రెట్లు, అంటే సముద్రంలో 14 మీటర్ల లోతు. రోగి అక్కడ స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తాడు. సిస్టర్ గదిలోని గాలినే పీలుస్తుంది. రోగికి అందే ఆక్సిజన్ బయట మనం పీల్చేదానికి పదకొండు రెట్లకు పైనే, ఆవిడకి అందేది 2.4 రెట్లే. అంచేత ఆక్సిజన్ వల్ల వచ్చే చిక్కు ఎక్కువగా రోగిది. కొన్ని వారాలు చికిత్స నడిచాక కంటి లెన్స్ తీరు మారి దూరపు చూపు మసకబారుతుంది. 1978లోనే దీన్ని వైద్య పత్రికల్లో రాశారు. మాస్కు కన్నా తల మొత్తం కప్పే హుడ్ వాడినవాళ్లలో ఈ మార్పు ఎక్కువని 2004లో నార్వే వైద్యులు తేల్చారు. హుడ్‌లో కళ్లు కూడా ఆక్సిజన్‌లోనే ఉంటాయి మరి. పెద్దమ్మ చత్వారం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి పేపరు చదివేస్తోంది. తన చూపు బాగుపడిందని ఆవిడ సంతోషం. సిస్టర్ ఆవిడకి ఓపిగ్గా చెప్పారు: "ఇది నిలవదమ్మా. కోర్సు అయ్యాక రెండు మూడు నెలలు ఆగండి, కొత్త అద్దాలు ఇప్పుడే చేయించుకోకండి." విడవకుండా ఎన్నో నెలలు సాగే చికిత్సలో శుక్లాలు కూడా రావచ్చని 1984లో స్వీడన్‌లో తేలింది.

సిస్టర్ కష్టం నైట్రోజన్‌తో. గాలిలో నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైగా అదే. ఒత్తిడి కింద అది ఆవిడ రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు బయటపడాలి, తొందరపడితే బుడగలు కడుతుంది. అందుకే చివరి అంకంలో ఆవిడ కూడా మాస్కు పెట్టుకుని ఆక్సిజన్ పీలుస్తుంది. అది నైట్రోజన్‌ని కడిగేస్తుంది. ఆ మాస్కు ముక్కు దగ్గర సరిగా కూర్చోకపోతే పొడి ఆక్సిజన్ ధార నేరుగా కళ్లలోకి కొడుతుంది. కన్నీరు ఆరిపోయి మంట. ఇది రోజువారీ బాధ. అసలు భయపడాల్సింది దానికన్నా అరుదైనది. పనయ్యాక ఇంటికెళ్లిన సిస్టర్‌కి సాయంత్రం ఒక పక్క మసకగా ఉందన్నా, రెండు బొమ్మలు కనబడుతున్నాయన్నా, చూపులో ఒక ముక్క లేదన్నా, అలసట అనుకుని పడుకోకూడదు. కాదని డాక్టరు తేల్చేదాకా అది బుడగ జబ్బే. మళ్లీ ఛాంబర్‌లో పెట్టడమే దానికి వైద్యం.

కాంటాక్ట్ లెన్సుల గురించి అడిగితే, కొత్తగా చేరిన అమ్మాయిల్లో పెట్టుకునేవాళ్లున్నారని చెప్పారు. పాత కాలపు గట్టి ప్లాస్టిక్ లెన్సు గాలిని దాటనివ్వదు. పైకి వచ్చేటప్పుడు కన్నీటిలోంచి తేలిన నైట్రోజన్ ఆ లెన్సు కింద చిక్కుకుని బుడగలవుతుంది, నల్లగుడ్డు మీది పొర ఉబ్బుతుంది, దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. అమెరికాలో ఛాంబర్ ప్రయోగాలు చేసి 1980లో ప్రచురించిన సంగతి ఇది. మెత్తటి లెన్సులకి ఆ ఇబ్బంది దాదాపు లేదు. ఏ రకం లెన్సు పెట్టుకున్నావని ఎవరైనా అడగాలి, అంతే. "మిమ్మల్ని చేర్చుకునేటప్పుడు కళ్లకి సంబంధించి ఏమడిగారు సిస్టర్?" అన్నాను. "సైటు ఉందా అని అడిగారు. చెవి, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూశారు. కళ్లు ఎవరూ చూడలేదు."

అప్పుడే ఇంకో మాట అన్నారు. వాళ్ల టెక్నీషియన్ ఒకతనికి రెటీనా ఊడి హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. వచ్చే వారం డ్యూటీలో చేరతానంటున్నాడు. డిశ్చార్జ్ కాగితంలో గ్యాస్ అని ఉంది, ఏ గ్యాసో ఆవిడకి అర్థం కాలేదు. "మీరు కాకినాడలో మీ ఫ్రెండు కంటి డాక్టర్ని కలుస్తానన్నారు కదా సార్, ఎన్ని వారాలు ఆపాలో కనుక్కుంటారా?"

మర్నాడు పెద్దమ్మకి రెటీనా పరీక్ష ఉంది. షుగరు ఉన్నవాళ్లకి తప్పదు. కంటి ఆసుపత్రి వరండాలో ఒక గిరిజన రైతు బెంచీ మీద ముఖం కిందికి వంచుకుని కూర్చున్నాడు. పాడేరు వైపు ఊరు. రెటీనా ఆపరేషన్ అయి వారమైంది. కంట్లో వదిలిన గ్యాసు బుడగ పైకి తేలి, ఊడిన పొరను అతికేదాకా అదిమిపట్టాలని రోజంతా అలా బోర్లా ఉండమన్నారు. ఇంటికి పంపమని అతని కొడుకు కౌంటర్ దగ్గర బతిమాలుతున్నాడు. నాట్ల సమయం. నర్సు ఒప్పుకోవడం లేదు. "ఘాట్ ఎక్కకూడదు నాయనా. బుడగ కరిగేదాకా కిందే ఉండాలి."

పాడేరు, అరకు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడ గాలి ఒత్తిడి విశాఖ కన్నా పదో వంతు తక్కువ. కంటిలోని బుడగ ఆ మేరకు ఉబ్బాలని చూస్తుంది. కంటి గోడ సాగదు. లోపలి ఒత్తిడి పెరిగిపోయి రెటీనాకు రక్తం మోసే నాళం నలుగుతుంది. కొత్తవలసలో విడిపోయిన ఆ రైలు లైను, ఘాట్ రోడ్డు బస్సు ఆ రైతుకి ఒకటే ప్రమాదం. విమానం ఇంకా పెద్దది. కానీ ఆ వరండాలో నిలబడి నేను ఆలోచించింది సిస్టర్ చెప్పిన టెక్నీషియన్ గురించి. ఘాట్ ఎక్కితే పదో వంతు తేడా. ఛాంబర్‌లో 2.4 రెట్లు.

అతను అదే బుడగతో లోపలికి వెళ్లి కూర్చున్నాడనుకుందాం. ఒత్తిడి పెరగగానే బుడగ సగం కన్నా చిన్నదై కన్ను మెత్తబడుతుంది. గంటన్నర పైగా ఒత్తిడిలో ఉంటే ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఆ బుడగలోకి కూడా చేరుతుంది. పైకి వచ్చేటప్పుడు అది మొదటి సైజు దగ్గర ఆగదు, దాన్ని మించి ఉబ్బుతుంది. ముందు నొప్పి, తర్వాత ఆ కంటికి చీకటి. రక్తం ఆగిన రెటీనా ఎక్కువసేపు బతకదు. పక్కన రోగులుంటారు, తలుపు తీయడానికి వీల్లేదు. చేయగలిగింది ఒక్కటే, మళ్లీ ఒత్తిడి పెంచి చాలా మెల్లగా దించడం. సైటు ఉందా అని అడిగేవాళ్లు, కంటికి ఈ మధ్య ఆపరేషన్ అయిందా అని కూడా అడిగితే ఇదంతా జరగదు. ఛాంబర్‌లో పనిచేసేవాళ్ల కళ్లకున్న ప్రమాదాల్లో ఇది అతి పెద్దది, అతి తేలిగ్గా తప్పించగలిగేది కూడా ఇదే.

సాయంత్రం మళ్లీ రైలు. అనకాపల్లి దాటాక చీకటి పడింది. కిటికీలోంచి పొలాలు కనబడకుండా పోతుంటే 1930ల మధ్యలో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం గుర్తొచ్చింది. నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కీ, సహచరులు మూడు రెట్ల ఒత్తిడిలో మనుషుల చేత గంటల తరబడి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించి చూశారు. మూడు గంటలు దాటాక వాళ్ల చూపు అంచుల నుంచి మూసుకుపోతూ మధ్యలో కొంచెం మిగిలింది. మామూలు గాలి పీల్చాక తిరిగొచ్చింది. ఇవాళ ఛాంబర్లలో రోగులకి ఆక్సిజన్ మధ్యమధ్య ఆపి కాసేపు గాలి ఇస్తారు, విడతని రెండు గంటల చుట్టుపక్కల ముగిస్తారు. ఎంతసేపు, ఎంత ఒత్తిడి అన్న హద్దులు కాగితం మీదకి రావడం వెనక ఇలాంటి స్వచ్ఛంద సేవకుల కళ్లున్నాయి, హాల్డేన్ వెన్నుపూసలున్నాయి. తుని, అన్నవరం వెళ్లిపోయాయి. పిఠాపురం స్టేషను బోర్డు చూసి లేచి కూర్చున్నాను. హాల్డేన్ దగ్గర పనిచేసి, ఆయన జీవిత చరిత్ర రాసిన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణ పుట్టిన ఊరు ఇది. సామర్లకోటలో దిగి ఆటో మాట్లాడుకుని కాకినాడ చేరాను.

రంగరాయ వైద్య కళాశాల 1958లో మొదలైంది. హాల్డేన్ కన్నుమూసేనాటికి ఆరేళ్ల పిల్ల కాలేజీ. గేటు లోపల బైకుల వరసలు, తెల్ల కోట్లు చేతికి వేలాడేసుకుని టిఫిను వైపు నడుస్తున్న పిల్లలు. అనాటమీ విభాగం వైపు నడుస్తూ ఇద్దరు విద్యార్థుల్ని ఆపి హాల్డేన్ పేరు అడిగాను. ఒకబ్బాయికి తెలియదు. ఒకమ్మాయి చెప్పింది: "మొదటి ఏడాది మా మేడమ్ చెప్పారు సార్. బతికుండగా తన ఒంటి మీద ప్రయోగాలు చేసుకున్నారు, పోయాక మాకిచ్చారు అని." ఆ మేడమ్‌కి మనసులో దండం పెట్టుకున్నాను. పరాయి దేశంలో పుట్టి, మన తీరంలో మొదటి ఏడాది వైద్య విద్యార్థి చేతికి తన ఒళ్లు అప్పగించిన మనిషికి ఇంతకన్నా సరైన పరిచయం ఉండదు. ఒత్తిడి గదిలో నలిగిన ఆ ఒంటిని ఇక్కడి పిల్లలు చదువుకున్నారు. అదే ఒత్తిడి గదుల్లో ఇవాళ పనిచేసే సిస్టర్ల కళ్లు ఎవరైనా చదవాలని అడగడం అత్యాశ కాదు.

నా స్నేహితుడు కంటి డాక్టరు. ఓపీ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు. సిస్టర్ ప్రశ్న చెప్పగానే అడిగాడు: "గ్యాసా, సిలికాన్ ఆయిలా?" ఆయిల్ అయితే ద్రవం, ఒత్తిడికి మారదు. గ్యాస్ అన్నాను.

"ఎన్ని వారాలని అడక్కురా. ఉత్త గాలి అయితే వారంలో పోతుంది. ఎస్‌ఎఫ్6 రెండు వారాలు, సి3ఎఫ్8 అయితే రెండు నెలల దాకా ఉంటుంది. మనిషిని బట్టి మారుద్ది. క్యాలెండర్ చూసి పంపితే ఏదో ఒక రోజు ఎవరికో కన్ను పోద్ది. ఆపరేషన్ చేసిన డాక్టరో నాలాంటివాడో కంటి పాప పెద్దది చేసి చూసి, లోపల బుడగ పూర్తిగా పోయిందని రాసివ్వాలి. ఆ కాగితం లేకుండా తలుపు దాటనివ్వకూడదు." ఇంకా చెప్పాడు. గ్లాకోమా ఆపరేషన్ అయినవాళ్లు, కంటికి దెబ్బ తగిలి కుట్లు పడినవాళ్లు కూడా అలాగే సర్జన్‌ని అడిగే వెళ్లాలట. చేరేటప్పుడు చూపు కొలత, సైటు కొలత, స్లిట్ ల్యాంప్ పరీక్ష, రెటీనా పరీక్ష చేసి రాసిపెట్టుకోవాలి. "మొదటి కొలత లేకపోతే పదేళ్లకి ఏం మారిందో ఎవడు చెబుతాడు?"

ఆసుపత్రి మెట్ల మీద నుంచే సిస్టర్‌కి ఫోను చేశాను. ప్రతి మాటా రెండోసారి అడిగి రాసుకున్నారు. ఎస్‌ఎఫ్6 స్పెల్లింగ్ కూడా. టెక్నీషియన్‌ని కాగితం తెచ్చేదాకా లోపలికి పంపబోమని, ప్యానెల్ దగ్గర బయట డ్యూటీ వేస్తామని, వాళ్ల డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడతానని చెప్పారు. జలుబు చేసిన రోజు లోపలి డ్యూటీ వద్దన్న సంగతి కూడా తాను రాసుకుంటున్న కాగితంలోనే చేరుస్తున్నారట.

"ఇంకోటి సార్. ఆ రెటీనా పరీక్ష నాకు కూడా కావాలి కదా? ఎవరి దగ్గర చేయించుకోమంటారు? శనివారం నాకు ఆఫ్."